మొలతాడున్న ఎముకలు

కృత్తివెన్ను దగ్గర రొయ్యల చెరువు తవ్వుతుంటే ఎముకలు బయటపడ్డాయి. నడుం దగ్గర వల నైలానుతో పేనిన మొలతాడు, కుళ్ళకుండా అలాగే ఉంది. ఇంకేం, మగోడేనని ఊరు ఊరంతా తేల్చేసింది. ఆ మాట విన్నాకే చేపలమ్మే నాంచారమ్మ ప్రాణం కుదుటపడింది. రెండేళ్ళ కిందట ఆమె కూతురు లహరి కనపడకుండా పోయింది. ఎవడితోనో లేచిపోయిందన్నాడు అల్లుడు కళ్యాణ్. పరువు పోతే పోయింది, పిల్ల ఎక్కడో బతికుందిగా అని ఆ తల్లి అదే మాట పట్టుకు వేలాడుతోంది.

అలాంటిదాన్నీ, అల్లుణ్ణీ పోలీసులు బందరు ఆసుపత్రికి పిలిపించారు. బల్ల మీద ఎముకలు పరిచి ఉన్నాయి. ఇవి ఆడమనిషివని చెప్పింది డాక్టరు వసుంధర.

నాంచారమ్మ ఇంతెత్తున లేచింది. “కళ్ళు కనపట్టంలేదా ఏంటి? మొలతాడుందిగా! నీకు డాక్టరుద్యోగం ఎవడిచ్చాడమ్మా?”

“మొలతాడు ఎవరైనా కట్టొచ్చండీ. ఈ తుంటి ఎముక చూడండి, ఈ నొక్కు ఎంత వెడల్పుందో! మగవాళ్ళకైతే ఇరుగ్గా ఉంటుంది. పుర్రె కూడా కనుబొమల దగ్గర నున్నగా ఉంది. ఎవరన్నది తేలాలంటే మీ రక్తం ఇవ్వాలి.”

“ఇవ్వను పో! నా కూతురు బతికే ఉంది. నీ నోట్లో మన్నుపడ!”

“బాగా గడ్డిపెట్టావత్తా,” అన్నాడు కళ్యాణ్. “మగోడి ఎముకలు పట్టుకుని మన ప్రాణాలు తోడేస్తున్నారు. పద, వెళ్దాం.”

రెండేళ్ళుగా అత్త గడప తొక్కనివాడు ఇప్పుడు ఆమె చెయ్యి పట్టుకు లాగుతున్నాడు. అతని అరచెయ్యి చెమటతో జారుతోంది. నాంచారమ్మ అతని మొహం చూసింది, బల్ల మీది మొలతాడు చూసింది. ఆడదానికి మొలతాడు కట్టాల్సిన ఖర్మ ఎవడికి పట్టింది? ఒక్క ఊపున అల్లుడి చొక్కా పైకి లాగింది.

నడుం బోసిగా ఉంది. నల్లదారం పోగైనా లేదు.

“నీ మొలతాడేదిరా?”

“తెగిపోయిందత్తా.”

“తెగితే ఆ పూటే ఇంకోటి కట్టుకుంటారు. పెళ్ళాం చచ్చినోడే కట్టుకోడం మానేస్తాడు. నా కూతురు లేచిపోయిందన్నావే, మరి నువ్వెందుకు మానేశావురా?”

కళ్యాణ్ గుమ్మం వైపు చూశాడు. కానిస్టేబుల్ అడ్డంగా నిలబడి ఉన్నాడు.

నాంచారమ్మ డాక్టరు వైపు తిరిగి, జాకెట్టు చెయ్యి పైకి లాక్కుని, చెయ్యి చాపింది.

“తీసుకో తల్లీ. ఎంత కావాలంటే అంత తీసుకో.”