ఎవరి పేరు మీద

నాన్నకి కత్తెర, జర్మనీలో చేసిందే అయి ఉండాలి. రూమ్మేట్ దేవ్‌కి ఫ్రిజ్ మీద అంటించుకునే బొమ్మలు, అన్నీ ఒకేలాంటివి కాకుండా. టీమ్‌కి చాక్లెట్లు, మేనేజర్‌కి మాత్రం ఇంకేదైనా, ఆయనకి షుగర్. దేవ్ మేనమామ కొడుకు డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉంటాడు, వాడికి గోంగూర పచ్చడి డబ్బా అందించాలి, దారిలో నూనె కారకుండా. అక్కడ చలట, టోపీ కొనుక్కోవాలి. కొలోన్ పెద్ద చర్చిలో కొవ్వొత్తి వెలిగించి తేజేశ్వర్ పేరు చెప్పాలి.

అమెరికాలో ఇర్వింగ్ నుంచి బయల్దేరే ముందు శశికాంత్ ఫోన్‌లో రాసుకున్న పనులివి. ఎవరైనా ఊరు దాటుతున్నారని తెలిస్తే మనవాళ్ళు జాగ్రత్తగా వెళ్ళిరమ్మన్న వెంటనే అనే మాట, ‘నీకో చిన్న పని చెప్తాను, ఏమీ అనుకోవుగా’ అని. శశికాంత్ ఏమీ అనుకోడు. జనగామలో బట్టలు కుట్టే ఇంటి నుంచి వచ్చినవాడు. ఆ ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి మనిషి. ఒప్పుకున్న రోజుకి ఒప్పుకున్న జాకెట్టు చేతిలో పెట్టడమే పరువనుకునే తండ్రి కొడుకు. ఆఫీసు వాళ్ళు జర్మనీ క్లయింట్ దగ్గరికి పది రోజులు పంపుతున్నారంటే, ఎవరేం చెప్పినా తలూపి రాసుకున్నాడు.

చివరి పని చెప్పింది కృష్ణకుమారి. ఇర్వింగ్‌లోనే లాస్ కొలీనాస్ ఆఫీసులో ఇద్దరిదీ ఒకటే టీమ్. తెనాలి మనిషి, వయసులో పదేళ్ళకి పైగా పెద్దది. భర్తతో విడిపోయాక ఎనిమిదేళ్ళ కూతురు ప్రణవితో ఒక్కతే ఉంటోంది. శశికాంత్ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇతని తప్పులు మేనేజర్ కంట పడకముందే సరిచేసి పెట్టింది, అప్పటి నుంచి అతనికి అక్క. ఆమె చేసే వెక్కిరింతలు కూడా అక్క చేసినట్టే ఉంటాయి.

తేజేశ్వర్ ఆమె తమ్ముడు. కొలోన్‌లో ఎమ్మెస్ చదివేవాడు. ఆదివారాలు ఆ చర్చి ముందు మెట్ల మీద కూర్చుని అక్కకి ఫోన్ చేసేవాడు. అక్కడ సాయంత్రం, ఇక్కడ పొద్దున. గంటలు మోగడం మొదలవగానే మాట ఆపి ఫోన్ పైకెత్తి పట్టుకునేవాడు. ఈవిడ ఇక్కడ దోసెల పిండి రుబ్బుతున్నదల్లా మిక్సీ ఆపేసి వినేది. ఒక వానాకాలపు సాయంత్రం సైకిల్ మీద వెళ్తున్న అతన్ని వ్యాను గుద్దింది. శవాన్ని తెనాలికి పంపారు. కృష్ణకుమారి వెళ్ళలేకపోయింది. పాస్‌పోర్ట్‌లో అమెరికా వీసా స్టాంపు గడువు ఎప్పుడో దాటింది. బయటికి వెళ్తే మళ్ళీ స్టాంపు పడేదాకా లోపలికి రాలేదు, అదెన్నాళ్ళు పడుతుందో తాను చెప్పలేనన్నాడు లాయరు. తమ్ముడి అంత్యక్రియలు ఆమె అపార్ట్‌మెంట్ సోఫాలో కూర్చుని ఫోన్‌లో చూసింది.

ఇదంతా ఆఫీసు పార్కింగ్‌లో, కారు తలుపు మీద చెయ్యి వేసుకుని, ఎవరి సంగతో చెప్తున్నట్టు చెప్పుకొచ్చింది. చివర్న మాత్రం తలుపు మీది చెయ్యి తీసేసి అతని వైపు తిరిగింది.

“కర్మకాండంతా పద్ధతిగానే చేశారురా శశీ, దేనికీ లోటు చేయలేదు. కానీ వాడు ఇష్టపడి కూర్చున్న చోట వాడి పేరు ఎవరూ అనలేదు. నువ్వెళ్ళి ఒక్కసారి అను. అంతే.”

“అంటానక్కా,” అన్నాడు శశికాంత్.

జర్మనీ వెళ్ళాక తక్కిన పనులన్నీ వరుసగా పూర్తి చేశాడు. కత్తెర కొన్నాడు, దుకాణంలోనే గుడ్డముక్క అడిగి కోసి చూశాడు కూడా. టోపీ కొన్నాడు. శనివారం పచ్చడి డబ్బా పట్టుకుని రైలెక్కి, దారిలో కొలోన్‌లో దిగాడు.

స్టేషన్ బయట అడుగు పెడితే ఎదురుగా అదే. కాస్త దూరం జరిగి చూద్దామన్నా వీల్లేనంత దగ్గర. కట్టెల పొయ్యి మీద ఏళ్ళ తరబడి కాగిన గిన్నె అడుగులా నల్లటి రాయి. చూపు పైకి పోతూనే ఉంది, జంట గోపురాల కొసలు మాత్రం అందడం లేదు. కట్టడం మొదలుపెట్టాక పూర్తవడానికి ఆరు వందల ఏళ్ళు దాటిందని ఎక్కడో చదివాడు. మెట్ల మీద కుర్రాళ్ళు కూర్చుని ఏవో తింటున్నారు. ఆ మెట్లలో తేజేశ్వర్‌ది ఏదో అనుకుంటూ ఎక్కాడు.

లోపలికి వెళ్ళగానే అలవాటు కొద్దీ చెప్పులు ఎక్కడ విడవాలా అని చూశాడు. ఎర్ర అంగీ తొడుక్కున్న పెద్దాయన ఒకాయన వచ్చి, చెప్పులు కాదు, టోపీ తీయమని సైగ చేశాడు. అరణ్యంలో మానుల్లా స్తంభాలు. రంగుల అద్దాల్లోంచి పడ్డ వెలుతురు నేల మీద ముక్కలు ముక్కలుగా పరుచుకుని ఉంది. ఒక పక్కన తెల్లటి గౌను తొడిగిన మేరీమాత బొమ్మ, ఒంటి నిండా మొక్కుబడి నగలు. అది చూసేసరికి శశికాంత్‌కి ప్రాణం కుదుటపడింది. ఇదీ మన అమ్మవారి లెక్కే.

కొవ్వొత్తులు వెలుగుతున్న చోటు చూసుకుని, నాణెం వేసి, ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడే జేబులో ఫోన్ వణికింది. టీమ్ గ్రూపులో మెసేజ్: వచ్చే శుక్రవారం అందరికీ మీటింగ్, ఎవరూ మిస్ కాకూడదు. దాని కింద ఎవరూ ఏమీ రాయలేదు. లేఆఫ్‌లు ఉంటాయని నెల రోజులుగా గుసగుసలు ఉన్నాయి. ఉద్యోగం పోతే మళ్ళీ వెతుక్కోవడానికి దేశం ఇచ్చే గడువు రెండు నెలలు. జనగామలో చెల్లెలి నర్సింగ్ చదువు ఇంకా సగంలో ఉంది.

ఫోన్ లోపల పెట్టి పక్క కొవ్వొత్తి మంటకి ఒత్తి అంటించాడు.

మన గుళ్ళో అయితే పూజారి అడుగుతాడు. అమెరికాలో ఫ్రిస్కో గుడికెళ్ళినా, జనగామలో మార్కండేయ స్వామి గుడికెళ్ళినా, పళ్ళెం అందుకుంటూనే ‘ఎవరి పేరు మీద?’ అంటాడు. ఇక్కడ అడిగేవాళ్ళు లేరు. శశికాంత్ కళ్ళు మూసుకున్నాడు. చిన్నప్పటి నుంచి దీపం ముందు నోటికి ఏది అలవాటో అదే వచ్చింది. మార్కండేయ గోత్రం, శశికాంత్ నామధేయం. ఆ వెనకే మనసు పరుగెత్తింది: లిస్టులో నా పేరు ఉండకూడదు, ఈ ఒక్కసారికి నా పేరు ఉండకూడదు. ఎంతసేపు అలా అడుక్కున్నాడో అతనికే తెలియదు. మైనం కారి వేలు చురుక్కుమంటే కళ్ళు తెరిచాడు. వెనక ఒక ముసలావిడ తన వంతు కోసం ఓపిగ్గా నిలబడి ఉంది. గబగబా కొవ్వొత్తిని స్టాండులో నిలబెట్టి, ఫోటో తీసి, పక్కకి జరిగాడు.

నాలుగడుగులు వేశాక గుర్తొచ్చింది, తేజేశ్వర్ పేరు అననే లేదని.

వెనక్కి తిరిగేసరికి ఎర్ర అంగీ పెద్దాయన జనాన్ని బయటికి పంపుతున్నాడు. ప్రార్థన మొదలవుతోంది, చూడ్డానికి వచ్చినవాళ్ళు వెళ్ళాలి, ప్రార్థనకి వచ్చినవాళ్ళు ఉండొచ్చు. శశికాంత్ ఉండొచ్చు. ఉంటానంటే ఎవరూ కాదనేవాళ్ళు కాదు. కానీ డ్యూసెల్‌డార్ఫ్ రైలుకి టైమవుతోంది, స్టేషన్లో పచ్చడి కోసం ఒకడు ఎదురుచూస్తుంటాడు. అయినా ఆ పేరు మనసులో ఉన్నట్టే కదా, కొవ్వొత్తి వెలిగినట్టే కదా అని తనకి తనే చెప్పుకుని, రైలెక్కాక ఫోటో పంపించాడు. కింద రాశాడు: ‘పని అయిపోయిందక్కా.’

 ఆమె నుంచి దండం పెడుతున్న చేతుల బొమ్మ ఒకటి వచ్చింది.

తిరిగొచ్చాక శుక్రవారం మీటింగ్ జరిగింది. మేనేజర్ కాగితం చూసి చదివినట్టు నాలుగు మాటలు చెప్పాడు. ఆ తర్వాత ఒక్కొక్కరికి విడివిడిగా ఫోన్లు వెళ్ళాయి. శశికాంత్‌కి రాలేదు. కృష్ణకుమారికి వచ్చింది.

ఆ సాయంత్రం ఆమె సీటు దగ్గర సామాన్లు అట్టపెట్టెలో సర్దడానికి సాయం చేశాడు. చెయ్యి తగిలి ఆమె ఫోన్ వెలిగింది. వాల్‌పేపర్ ఆ కొవ్వొత్తే.  శశికాంత్ మొక్కు తీరింది. ఎవరి దీపంతో తీరిందో ఎదురుగా కనపడుతోంది.

ఆ తర్వాత రెండు నెలలూ వారాంతాల్లో ఆమె ఇంటికి వెళ్తూనే ఉన్నాడు. రెజ్యూమెలు పంపిపెట్టాడు, తెలిసినవాళ్ళందరినీ అడిగాడు, ప్రణవిని స్విమ్మింగ్‌కి దించి తీసుకొచ్చాడు. కృష్ణకుమారి అందరితో చెప్పేది, ఈ అబ్బాయి నాకు తేజూ లాంటివాడని. ఆ మాట విన్న రోజు శశికాంత్‌కి అన్నం సహించేది కాదు. చెప్పేద్దామని బయల్దేరేవాడు. గుమ్మంలో ఆమె ముఖం చూసి, ఈ కష్టంలో ఇదొకటా అని ఊరుకునేవాడు. అది ఆమె మీద జాలో తన పిరికితనమో అతనికి తెలుసు.

ఉద్యోగం దొరకలేదు. తెనాలి వెళ్ళిపోవడానికి కృష్ణకుమారి టికెట్లు కొంది. బయల్దేరే ముందు ఆదివారం శశికాంత్ ఆమె మంచం విప్పుతున్నాడు, కొన్నవాళ్ళు సాయంత్రం వచ్చి తీసుకెళ్తారు. ఆమె వంటింట్లో డబ్బాలు సర్దుతోంది. ప్రణవి హాల్లో తన బొమ్మలకి వీడ్కోలు చెప్తోంది.

“అమ్మా, మనం జర్మనీ స్టాప్ అవుతాం అన్నావ్ కదా? తేజూ మామా చర్చ్ చూస్తాం అన్నావ్,” అంది ప్రణవి తన అమెరికా యాసలో.

కుదరదని తల్లి చెప్పింది. ఆ సంగతి శశికాంత్‌కీ వివరించింది. ఎలాగూ పోతున్నాం కదా, ఆ దారిన పోదామనుకుందట. అమెరికా స్టాంపు గడువు దాటినవాళ్ళకి అక్కడ విమానం మారాలన్నా వేరే వీసా కావాలి, ఊళ్ళోకి వెళ్ళాలంటే ఇంకోటి కావాలి, ఉన్న రోజుల్లో ఏదీ తెమల్లేదు. అందుకని దోహా మీదుగా పోతున్నారు.

“పోన్లే,” అంది వంటింట్లోంచే. “నువ్వు వెళ్ళి చెప్పొచ్చావు, నాకదే చాలు.”

శశికాంత్ చేతిలో మంచం బోల్టు ఉంది. దాన్ని కింద పెట్టలేదు.

“అక్కా, నేను చెప్పలే.”

“ఏం చెప్పలే?”

“తేజేశ్వర్ పేరు. కొవ్వొత్తి వెలిగించిన. కానీ నా పేరు చెప్పుకున్న. లేఆఫ్ లిస్టుల నేను ఉండొద్దని మొక్కుకున్న. ఆ ఫోటో నా కొవ్వొత్తిది.”

వంటింట్లో చప్పుడు ఆగిపోయింది. స్టవ్ మీద ఏదో మాడుతున్న వాసన వచ్చింది, ఆమె దాన్ని ఆర్పడం వినిపించింది. చేతులు తుడుచుకుంటూ వచ్చి, విప్పేసిన మంచం పట్టె మీద కూర్చుంది. 

“గోత్రం కూడా చెప్పావా?” అంది.

“చెప్పిన.”

ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంది గానీ ఆగలేదు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. తేజూ కూడా అక్కడ మొదటిసారి కొవ్వొత్తి వెలిగించింది సబ్జెక్టు గట్టెక్కడానికేనని చెప్పింది. అక్క బాగుండాలని మొక్కావట్రా అంటే, ‘నీ వంతు వచ్చే సెమిస్టర్’ అన్నాడట.

“నా దీపం నువ్వు తీసుకున్నందుకే నా ఉద్యోగం పోయిందని కుమిలిపోతున్నావా ఏంటి? నీకంత సీన్ లేదులే,” అంది.  ఆమె ఫోన్ తీసి కాసేపు ఆ ఫోటో చూసుకుంది. నవ్వు నెమ్మదిగా పోయింది.

“అయినా ఒక్క మాటే కదరా. నోరు తెరిచి ఒక్కసారి అనుంటే అయిపోయేది.”

  ఆమె తిట్టి ఉంటే శశికాంత్ ఈపాటికి మర్చిపోయేవాడేమో.

ఎయిర్‌పోర్ట్‌కి అతనే డ్రైవ్ చేశాడు. లోపలికి వెళ్ళేముందు ఆమె అతని భుజం తట్టి, ఈసారి వెళ్ళినప్పుడు చెప్పు అంది. తప్పకుండా అన్నాడు. కానీ ఆఫీసులో ప్రయాణాలన్నీ ఆపేశారు. పైగా ఇప్పుడు తన స్టాంపు గడువూ దాటిపోయింది. ఆమె ఇన్నేళ్ళూ ఎందుకు కదల్లేకపోయిందో శశికాంత్‌కి ఇప్పుడు ఎవరూ వివరించక్కర్లేదు.

అందుకని ఎవరు యూరప్ వెళ్తున్నారని తెలిసినా, ఒక చిన్న పని చెప్తాను, ఏమీ అనుకోవద్దంటాడు. కొందరు సరేనంటారు. ఒకరు వానొచ్చి వెళ్ళలేదన్నారు. ఒకాయన గోపురాల ముందు తాను నిలబడ్డ ఫోటో పంపి, పని అయిపోయింది బ్రదర్ అని రాశాడు. శశికాంత్ ఆ మాట చదివి ఫోన్ బోర్లా పెట్టేశాడు. పేరు అన్నారా అని అడగడానికి నోరు రాలేదు. ఏ ముఖం పెట్టుకుని అడుగుతాడు?

కాబట్టి ఇది చదువుతున్న మీకూ అదే పని. ఎప్పుడైనా కొలోన్ వెళ్తే స్టేషన్ బయటికి రండి, దారి అడగక్కర్లేదు. మెట్లెక్కండి, టోపీ ఉంటే తీసేయండి. అతని పేరు తేజేశ్వర్. ఊరు తెనాలి. అక్క పేరు కృష్ణకుమారి. వెళ్ళే వీలు లేనివాళ్ళు ఉన్నచోటే ఒకసారి తలుచుకోండి, గోత్రంతో పని లేదు. పైకే అనండి. ముందు అతని పేరు చెప్పండి, మీ పేరు తర్వాత చెప్పుకోవచ్చు.