సిల్వర్ లాన్సర్స్‌లో బాకా ఊదనివాళ్లు

సిల్వర్ లాన్సర్స్‌లో బాకా ఊదినవాళ్లు చేతులెత్తండి అంటే మొదటి సాయంత్రం నలభై చేతులు లేచాయి. ఆ దళానికి ఉన్న బాకాలు పదహారు. మిగతావాళ్లు దేంతో ఊదారో ఎవరూ అడగలేదు.

ఆ చేతులెత్తమన్నది ఆర్విల్ టోబిన్ గారు. పెన్సిల్వేనియా అంతా వ్యానులో తిరుగుతూ, ఒకప్పుడు ఉండి ఆనవాలు లేకుండా పోయిన డ్రమ్ములు, బాకాల దళాల చరిత్ర రాస్తున్నారాయన. అప్పట్లో మా గనుల ఊళ్లలో చర్చికో దళం, మాజీ సైనికుల సంఘానికో దళం ఉండేవట. వేసవి రాగానే పిల్లలకి యూనిఫాం తొడిగి ఫుట్‌బాల్ మైదానంలో పోటీలకి దింపేవాళ్లు. జడ్జీలు పక్కనే నడుస్తూ, తప్పు వినబడ్డప్పుడల్లా మార్కులు కోసేవాళ్లు. మా ఊరు షాఫ్టన్ గ్యాప్ దళం పేరే సిల్వర్ లాన్సర్స్. రెండు వేసవులు బతికి పోయింది.

మా తాతయ్య కాజిమిర్ అందులో నిజంగానే బాకా ఊదాడు. టోబిన్ గారు వస్తున్నారని తెలిసిన రోజు పొద్దున్నే గడ్డం గీసుకుని నన్ను వంటింట్లోకి పిలిచాడు.

"లోడీ, ఆ పుస్తకంలో మా దళం పేరు పడాలే. ఒక్క లైను చాలు. పడకపోతే, నేను పోయాక అది అసలు లేనట్టే."

తాతయ్య ఏదైనా కావాలని అడగడం నేనెప్పుడూ వినలేదు. పుట్టినరోజుకి ఏం కావాలంటే "ఏమీ కొనకండి" అనే మనిషి.

మాజీ సైనికుల హాల్లో సమావేశం. ఎలాగూ నోరు విప్పను కాబట్టి, కాఫీ పొయ్యడం, చెప్పినవి రాసుకోవడం మా టీచరమ్మ నాకు అప్పగించింది. సంఘం అధ్యక్షుడు డెల్మర్ ప్రైస్ ముందు లేచాడు.

"డ్రమ్ మేజర్ని నేనే. దళానికి ముందు కర్ర తిప్పుకుంటూ నడిచేవాణ్ణి."

"ఆ ఏడు నువ్వు కొరియా యుద్ధంలో ఉన్నావు కదటయ్యా?" అన్నారెవరో.

"సెలవు మీద వచ్చా!"

తర్వాత దళం మా కళ్లముందే పెరిగింది. కాఫీ రెండో విడతకి జిల్లాలో మొదటి బహుమతి కొట్టింది. గసగసాల రొట్టె వచ్చేసరికి రాష్ట్రానికే ఛాంపియన్. ఆర్నీ కోవల్ అయితే, తమ బాకాలు విని గవర్నరు కళ్లనీళ్లు పెట్టుకున్నాడన్నాడు.

"ఏ గవర్నరండీ?" అని అడిగారు టోబిన్ గారు.

"అప్పుడున్నాయన."

అప్పటికి ఆర్నీ ఇంకా పుట్టనేలేదు. వాళ్లమ్మ అక్కడే కూర్చుని గర్వంగా తలూపుతోంది.

హాలు మొత్తానికి "నేనందులో లేను" అన్నవాడు ఒక్కడే, మంగలి షాపు బెన్నీ గోర్స్కీ. మా నానమ్మ తమ్ముడు. కోటు కొక్కేల పక్కన కూర్చుని, ఎవరూ అడక్కుండానే రెండుసార్లు అన్నాడామాట.

టోబిన్ గారు కలం మూత పెట్టేశారు. "అయ్యలారా, నాది మరుగున పడ్డ దళాల పుస్తకం. ఊరు ఊరంతా గుర్తుపెట్టుకున్నది మరుగున పడ్డట్టెలా అవుతుంది? ఒహాయోలో నాలాగే దళాలు వెతికే ఒకాయన ఒక్క ఆదివారం మాత్రమే బతికిన దళాన్ని వెతికి పట్టుకున్నాడు. నేను ఛాంపియన్లని పట్టుకెళ్తే పడీపడీ నవ్వుతాడు."

డెల్మర్ మొహం వాడిపోయింది. పక్క ఊరు ఆష్‌బీకి ఆ పుస్తకంలో అప్పటికే అర పేజీ దక్కింది మరి.

"నాకు ఇద్దరు చాలు," అన్నారు టోబిన్ గారు. "నిజంగా అందులో నడిచినవాళ్లు. ఒకరి మాట రెండోవారు ఒప్పుకోవాలి. రేపు సాయంత్రం దాకా ఉంటాను."

తెల్లారేసరికి ఊరు ఊరంతా మరిచిపోయింది. రొట్టెల కొట్లో ఆర్నీ వాళ్లమ్మ, "దళమా? మన ఊళ్లోనా? ఎవరు చెప్పారమ్మా నీకు?" అంది. డెల్మర్ ఇల్లిల్లూ తిరిగి అందరిచేతా మరిపించాడని తర్వాత తెలిసింది. ఆఖరికి మా ఇంటికొచ్చాడు.

"కాజ్, సాక్షులం నువ్వూ నేనూ. నువ్వు చెప్పు, నేను ఊఁ కొడతా."

"నువ్వు అందులో లేవు డెల్మర్."

"ఉన్నవాళ్లు పోయారు కదా! ఆ ఖాళీ ఎవరో ఒకరు నింపాలా వద్దా?"

తాతయ్య టోపీ తీసుకుని నాతో బయల్దేరాడు. మంగలి షాపులో బెన్నీ తాత అప్పటికే శుభ్రంగా ఉన్న కుర్చీని తుడుస్తున్నాడు.

"ఒరేయ్ బెన్నీ, ఒక్క మాట చెప్పరా. మిగిలింది మనిద్దరమే."

"నేనందులో లేను బావా."

"మరి ఆ పెద్ద డ్రమ్ము ఎవరు మోశార్రా? మా అమ్మమ్మా?"

"ఏమో, మీ అమ్మమ్మ గట్టి మనిషే. క్షవరం చేయించుకుంటావా, బేరాలొచ్చే వేళ పోతావా?"

షాపులో ఇంకెవరూ లేరు. బెన్నీ తాత చెవులు మాత్రం ఎర్రగా కందిపోయాయి.

తిరిగొచ్చేటప్పుడు తాతయ్య వంతెన దగ్గర ఆగాడు. "మేం దిగింది ఒక్క పోటీ. అందులో అందరికంటే చివర వచ్చాం. డ్రమ్ము ఆలస్యమైందనీ, వాడే ముంచాడనీ ఊరంతా అంది. వాడికప్పుడు పదమూడేళ్లు."

"నువ్వూ అన్నావా తాతయ్యా?"

"ముందు అన్నది నేనే," అని నడక అందుకున్నాడు.

సాయంత్రం హాలు మళ్లీ కిటకిటలాడింది. దళం సంగతే తెలియని వాళ్లంతా, ఆ తెలియనిదాని గురించి తెలుసుకుందామని వచ్చారు. బెన్నీ తాత కూడా వచ్చి కోటు కొక్కేల పక్కనే కూర్చున్నాడు. ఎందుకొచ్చావని ఎవరో అడిగితే, "ఇంట్లో టీవీ పాడైంది," అన్నాడు.

టోబిన్ గారు సాక్షుల్ని పిలిచారు. తాతయ్య లేచాడు. ఆ పక్కన డెల్మర్ లేచాడు, పతకాలన్నీ పెట్టుకుని.

"పోటీలో ఏం వాయించారు?"

"ఒక మార్చ్ అండీ," అన్నాడు డెల్మర్. "బాగా... గట్టిగా ఉండేది."

టోబిన్ గారు వ్యానులోంచి పాత బాకా ఒకటి తెచ్చి తాతయ్య చేతికిచ్చారు. తాతయ్య పెదాలు తడుపుకుని ఊదాడు. మొదట బాతు అరిచినట్టు వచ్చింది. తర్వాత నిజంగానే పాటలా అయింది. మంచి ఊపు మీద ఉండగా టక్కున ఆగిపోయాడు. అయిపోయిందనుకుని డెల్మర్ చప్పట్లు కొట్టాడు. ఆయన్ని చూసి హాలంతా కొట్టింది.

తాతయ్య బాకా దించలేదు. ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. మొహం కందగడ్డలా అవుతోంది. పడిపోతాడేమోనని నేను కాఫీ గిన్నె కింద పెట్టేశాను.

అప్పుడు కోటు కొక్కేల దగ్గర్నుంచి వినిపించింది, పిడికిలితో బల్లమీద. ధమ్. ధమ్.

వెంటనే తాతయ్య మిగతాది అందుకుని ఆఖరిదాకా ఊదాడు.

"మీరెవరండీ?" అన్నారు టోబిన్ గారు అటు తిరిగి.

"నేనా? ఎవర్నీ కాదు," అన్న బెన్నీ తాత ఇక ఉండబట్టలేక లేచాడు. "ఇవాళ ఆగావేం బావా? ఆ రోజు ఆగలేదే! డ్రమ్ము రెండు దెబ్బలు కొట్టేదాకా బాకాలు ఆగాలని మాస్టారు వేసవంతా నేర్పాడు. జడ్జి చెవి దగ్గరికొచ్చేసరికి నీ పైప్రాణాలు పైనే పోయి, ఆగకుండా ఊదుకుంటూ పోయావు. నీ వెనకాల గొర్రెల్లా వాళ్లంతానూ. నా దెబ్బలొచ్చి మీ పాట మధ్యలో పడ్డాయి. మార్కులు కోసింది నీ తప్పుకి, చెడ్డపేరు కట్టింది నాకు!"

"నాకు వినబడలేదురా, జనం గోలలో..."

"కొట్టకముందే వినబడుతుందేంటి?"

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. డెల్మర్ చటుక్కున మధ్యలో దూరాడు. "టోబిన్ గారూ, ఇవన్నీ పుస్తకంలో ఎందుకండీ? ఊరి పరువు... మూడో స్థానం అని రాసుకోండి, ఎవరికీ నష్టం లేదు."

"సాక్షులిద్దరూ దొరికారు," అన్నారు టోబిన్ గారు. ఆయన కళ్లు మతాబుల్లా వెలుగుతున్నాయి. "కానీ ఒకరి మాట ఇంకొకరు ఒప్పుకోవాలన్నాను. ఒప్పుకోకపోతే నేను రాయను. కాజిమిర్ గారూ, ఆ రోజు తప్పింది ఎవరు?"

తాతయ్య బాకాకేసి చూశాడు, జనంకేసి చూశాడు. ఈ ఊళ్లో యాభై ఏళ్లకి పైగా ఆయన మాటే చెల్లింది.

"నేనే," అన్నాడు. "వాడు సరిగ్గానే కొట్టాడు. నేను ఆగలేదు."

టోబిన్ గారు నిలబడే రాసుకుని పైకి చదివారు. "షాఫ్టన్ గ్యాప్ సిల్వర్ లాన్సర్స్. రెండు వేసవులు, ఒక పోటీ. చివరి స్థానం. బాకాలు తొందరపడ్డాయి. డ్రమ్ము సమయానికే మోగింది."

డెల్మర్ పతకాలు గలగలలాడించుకుంటూ దీపాలార్పడానికి వెళ్లాడు.

"ఉండవయ్యా," అన్నాడు బెన్నీ తాత. ముందుకొచ్చి తాతయ్య పక్కన నిలబడ్డాడు. "టోబిన్ గారూ, ఆ ఆఖరి ముక్క మళ్లీ చదవండి. కొంచెం గట్టిగా. వెనకాల వాళ్లకి వినబడలేదు."