తలపూవా, సామిపూవా

చనిపోయే ముందురోజు మా తమ్ముడు అరవిందన్ సేత్తూరు రోడ్డు నర్సరీ నుంచి బైకు మీద ఒక మొక్క తెచ్చాడు. నల్ల కవరులో మోకాలెత్తు మొక్క. చీటీ లేదు, పూవు లేదు, మొగ్గయినా లేదు. ఇదేం చెట్టని భార్య ఇళవరసి అడిగితే, "పూసినాక నువ్వే చూసుకో" అని నవ్వాడట. పొద్దున లేవలేదు. గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు. నలభై కూడా నిండనివాడికి గుండె ఎందుకు ఆగాలో ఆ డాక్టరే చెప్పాలి.

కర్మలయ్యాయి, చుట్టాలు వెళ్ళిపోయారు. మొక్క మాత్రం కుళాయి పక్కన కవరులోనే ఉండిపోయింది. వేళ్ళు కవరు చించుకుని బయటికొస్తున్నాయి. నేలలో పెట్టకపోతే చచ్చిపోతుంది.

పెట్టాలంటే అదేమిటో తెలియాలి. మా ఇంట్లో సామికి కోసే పూలచెట్టు వాకిట్లో ఉండాలి. తలలో పెట్టుకునే పూలైతే పెరట్లో, బట్టలుతికే రాయి దగ్గర. ఇది మా అమ్మ చెల్లమ్మాళ్ చట్టం. సర్కారు చట్టాలకు మినహాయింపులుంటాయేమో గాని దీనికి లేవు.

ఫోనులో ఫొటో తీసి, ఇదేం చెట్టని ఆ ఫోన్నే అడిగాం. ఒకసారి నందివర్ధనం అంది, ఇంకోసారి గంధరాజం అంది, మూడోసారి కాఫీ చెట్టంది. నర్సరీకి వెళితే, ఎవరేం కొన్నారో ఎలా గుర్తుంటుందని నర్సరీవాడు తల గోక్కున్నాడు.

"ఇంతదానికి ఫోనేమిటికి? ఒక ఆకు గిల్లి చూడండి," అంది అమ్మ. "పాలొస్తే నందియావట్టం, అదే మీ నందివర్ధనం, సామిపూవు. రాకుంటే గంధరాజం, తలపూవు."

"వద్దత్తా. ఆయన తెచ్చినది. గిల్లొద్దు," అంది ఇళవరసి.

పోనీ సామిపూవే అనుకుందామని అమ్మ వాకిట్లో నాటించింది. అక్కడ మధ్యాహ్నం నుంచీ పడమటెండ. ఆకులు పసుపుపచ్చగా మారి రాలడం మొదలెట్టాయి. రోజూ రాలిన ఆకులు ఏరి ఇళవరసి కొంగులో వేసుకుంటుంటే నాకు ఒళ్ళు మండింది.

"చెట్టు చస్తా ఉండాది గదా. వాటంతట అవే ఇన్ని రాలిపోతా ఉంటే, నువ్వు ఒకటి గిల్లితే ఏమైపోతాది?" అని అరిచాను.

ఆమె మెట్టు మీద కూర్చుంది.

"పాలు రావు వదినా. నాకు తెలుసు. ఆయన ఏ దినమన్నా సామికని పూలు తెచ్చినాడా? గిల్లి చూసినామంటే నాకే తెచ్చినాడని తేలిపోతాది. ఇంక నేను పూలు పెట్టుకోకూడదు గదా. తెలవకుండా ఉంటే కొంచెం ఓర్చుకుంటా అనుకున్నా."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. తమ్ముడి కోసం అందరి ముందూ ఏడ్చాను గాని, ఆ పిల్ల పక్కన కూర్చుని ఏడ్చింది అప్పుడే.

కాసేపటికి ఆమే లేచి ఒక ఆకు గిల్లింది. తెగిన చోటు ఇద్దరం చూశాం. పాలు రాలేదు.

గుమ్మంలో నిలబడి అమ్మ అంతా వింది. లోపలికి వెళ్ళి పార తెచ్చి నా చేతికిచ్చింది.

"పెరట్లో రాయి దగ్గర పెట్టండి. ఆడ మధ్యాన్నం నీడ వస్తాది," అంది.

చెట్టు తేరుకుంది. కొత్త చిగుళ్ళు వేసింది, మొగ్గ తొడిగింది. ఒక ఉదయం వంటింట్లోకి వాసన వచ్చింది. అమ్మే వెళ్ళి ఆ తెల్లపూవు కోసుకొచ్చింది. నేను బడికి పోయే రోజుల్లో మా నాన్న పోయినప్పటి నుంచీ ఆమె తల్లో పూవు చూసినవాళ్ళు లేరు. అలాంటిది, ఆమే పూవును కోడలి చేతిలో పెట్టింది.

"పెట్టుకో. ఎవురన్నా అడిగితే నన్ను అడగమను."

ఇళవరసి చాలాసేపు పూవును చూస్తూ నిలబడింది. తర్వాత రెండు చేతులూ వెనక్కి పెట్టి జడలో తురుముకుంది. పడకగది వైపు తిరిగి, ఎప్పటి అలవాటుగానే అడిగింది.

"ఏమండీ, సరిగ్గా ఉండాదా?"

అమ్మా నేనూ అక్కడే ఉన్నాం. అమ్మ వెళ్ళి జడలో పూవును కొంచెం సర్దింది.