తెర మీద తిరిగే ఫ్యాన్

నేను ఒక ఫ్యాన్ బొమ్మను. కాకినాడ దగ్గర ఒక రొయ్యల ఫ్యాక్టరీలో, కంప్యూటర్ తెర మీద పచ్చగా తిరుగుతుంటాను. నాకు గాలి లేదు, చప్పుడు లేదు. అయినా నన్ను నమ్మి ఒక మనిషి విషం నిండిన గదిలోకి నడిచి వెళ్ళాడు.

నన్ను హైదరాబాదులో హిమజ అనే అమ్మాయి తయారుచేసింది. మొదట నేను ఉత్త చుక్కను. స్విచ్ వేస్తే పచ్చన, తీస్తే ఎరుపు. ఫ్యాక్టరీ మేనేజరు చూసి పెదవి విరిచాడు.

"ఏంటమ్మా ఇది, బొట్టుబిళ్ళలా ఉంది. కదలాలి. చూడ్డానికొచ్చినోళ్ళు నోరెళ్ళబెట్టాలి."

హిమజ నాకు రెక్కలు గీసింది. అంచులకు మెరుపు అద్దింది, కింద నీడ పరిచింది. స్విచ్ తీస్తే టక్కున ఆగకుండా, నిజం ఫ్యాన్ లాగే నెమ్మదిస్తూ ఆగడం నేర్పింది. అసలు ఫ్యాన్ తిరుగుతోందో లేదో నాకు తెలియాలంటే దాని దగ్గర్నుంచి ఒక వైరు లాగాలని కూడా చెప్పింది. "అది తర్వాత చూద్దాం" అన్నాడు మేనేజరు. అందుకే నాకు తెలిసింది స్విచ్ ఒక్కటే. ఆ ఫ్యాన్‌ను నేను ఈనాటికీ చూడలేదు.

రొయ్యల్ని గడ్డకట్టించే అమోనియా యంత్రాలు గాజు కిటికీ అవతలి గదిలో ఉంటాయి. గ్యాసు లీకైతే బయటికి లాగేసేది ఆ ఫ్యానే. నా ముందు కూర్చునేది ఆపరేటరు వీరబాబు. కిటికీ అతని వీపు వెనక. అతనికి నేను కనిపిస్తాను. నాకు అతనూ, కిటికీ కనిపిస్తాయి.

ఆ మధ్యాహ్నం ఒక వాల్వు దగ్గర గ్యాసు లీకైంది. వీరబాబు యంత్రాలు ఆపి, ఫ్యాన్ స్విచ్ నొక్కాడు. నేను తిరగసాగాను. అతని అక్క మొగుడు, మెకానిక్కు పోలరాజు మాస్కు తగిలించుకున్నాడు. ఆ మాస్కు పల్చటి గ్యాసునే ఆపగలదు.

"ఫ్యాన్ తిరుగుతుందా బామ్మర్దీ?"

"తిరుగుతుంది బావా. ఎల్లి వాల్వు కట్టేసొచ్చెయ్."

"సరిగ్గా చూడరా. నాకేవన్నా అయితే మీ అక్క నిన్ను కైమా కొట్టేస్తాది."

ఇద్దరూ నవ్వారు. తలుపు మూసుకుంది.

కిటికీ అడుగున తెల్లటి పొగ పాకింది. అది తగ్గలేదు. పైకి లేచింది. వీరబాబు నన్నే చూస్తున్నాడు. వాకీటాకీ గరగరలాడింది.

"ఒరేయ్, ఇక్కడ గాలి లాగట్లేదురా."

"లాగుతుంది బావా. నేను చూస్తన్నాను కదా."

అతను చూస్తున్నది నన్ను. నేను మెరుస్తూ, నీడ వేస్తూ, హాయిగా తిరుగుతున్నాను. వెనక కిటికీ సగం తెల్లబడింది. వెనక్కి తిరుగు అని చెప్పడానికి నాకు నోరు లేదు. ఆగిపోదామంటే అదీ నా చేతిలో లేదు.

దగ్గు వినిపించింది. మళ్ళీ దగ్గు. ఆ తర్వాత ఏమీ లేదు.

"బావా? ఓ బావా?"

అప్పుడు తిరిగాడు వీరబాబు. గాజు మొత్తం గోడలా తెల్లగా ఉంది. ఒకసారి నన్ను చూశాడు, ఒకసారి గాజును. తడిగోనె ముఖానికి చుట్టుకుని పరిగెత్తాడు.

పోలరాజును ఈడ్చుకొచ్చాడు. రొయ్యలు వలిచే ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు గుమ్మరించారు. బతికాడు. ఒక కన్ను పోయింది, గొంతు గుసగుసగా మిగిలింది. అసలు ఫ్యాన్‌కు బెల్టు తెగిపోయిందని, ఉత్త మోటారే తిరిగిందని తర్వాత తెలిసింది. వీరబాబు మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోలేదు.

హిమజ వచ్చింది. "వైరు వేసేదాకా ఈ బొమ్మ తీసేస్తాను సార్" అంది.

"కొత్త బెల్టు వేశాం కదమ్మా. రేపు రొయ్యలు కొనేవాళ్ళు వస్తున్నారు, బొమ్మ ఉండనీ" అన్నాడు మేనేజరు.

ఉంచారు.

ఇవాళ కొత్త ఆపరేటరు కూర్చున్నాడు. మళ్ళీ గ్యాసు వాసన వచ్చిందట. అతను స్విచ్ నొక్కాడు, నేను తిరుగుతున్నాను. మాస్కు పెట్టుకుని ఎవరో లోపలికి వెళ్ళారు. కిటికీ అడుగున ఏదో తెల్లగా కనిపిస్తోంది. పొగో, ఎండో నాకు తెలియడం లేదు. అతను మాత్రం కుర్చీని నా దగ్గరికి జరుపుకుని, నిశ్చింతగా నన్నే చూస్తున్నాడు.