తీసేసిన ఫొటో వెంట

నేను ఒక గుర్తును. చేతికి అందను, కంటికి ఆనను. పుస్తకం మూసేముందు మీరు పేజీ మూల మడుస్తారే, ఆ మడత చేసే పనే నాది. “ఇంతవరకు చూశాం, ఆ తర్వాత ఏం మారింది?” అని అడిగేవాళ్లకు నేను కావాలి.

విజయనగరంలో నూకరత్నం గారి పెళ్లి ఫొటోల స్టూడియోలో నన్ను పనిలో పెట్టింది, ఫొటోలు తీసే ధనుజ. అక్కడ పనిచేసే ముగ్గురికీ క్లౌడ్‌లో వేర్వేరు ఖాతాలున్నా, ఫోల్డరు మాత్రం ఉమ్మడిది. ఏ ఫైలు మారినా ఒకరి మీద ఒకరు తోసుకునేవారు. ఆ రభస పడలేక ధనుజ ఒక ప్రోగ్రాం రాసింది. అది గంటగంటకూ నన్ను చూపించి క్లౌడ్‌ను అడుగుతుంది. జరిగిన మార్పులతో పాటు నేనూ కొత్త రూపంలో తిరిగొస్తాను. రూపం మారినా నా మొండితనం మారదు. ఒక్క మార్పునూ వదలను.

సంతోషి అనే పెళ్లికూతురి ఆల్బమ్ అచ్చుకు వెళ్లాల్సిన రోజున, ఒక ఫొటో తొలగిందని చెప్పాను. తీసింది ఆల్బమ్ పేర్చే పైడిరాజు.

“నా ఖాతాలోదే కదా తీసేసినాను! అందరికీ పోద్దని నాకేటి తెలుసు?” అన్నాడు.

“అసలెందుకు తీశావు?” ధనుజ వదల్లేదు.

“ఆ పిల్ల బాబాయి ఫోన్ చేసినాడు. ఆ ఫొటోలో ఉన్న పెళ్లికూతురి తల్లికి భర్త పోయినాడు కదా, పెళ్లి ఆల్బమ్‌లో ఉండకూడదంట.”

పెళ్లిలో ఆ తల్లి వంటల దగ్గరే ఉండిపోయిందట. చివరికి కూతురే చెయ్యి పట్టి లాక్కొచ్చి తీయించుకుంది. ఇద్దరూ కలిసి ఉన్నది ఆ ఒక్క ఫొటోలోనే. మనుషులు భలేవాళ్లు! కని పెంచడానికి పనికొచ్చిన మనిషి ఫొటోకు పనికిరాదట. ఒళ్లు లేని నాకే ఒళ్లు మండింది.

తొలగించినవాటిని క్లౌడ్ కొన్నాళ్లు దాచి ఉంచుతుంది. ధనుజ ఆ ఫొటోను వెనక్కు తెచ్చింది.

“గొడవెందుకమ్మా, మనకి పని అప్పజెప్పింది ఆయనే కదా,” నసిగారు నూకరత్నం గారు.

“ఆల్బమ్ ఆయనది కాదు కదండీ,” అంటూ ధనుజ సంతోషికి ఫోన్ చేసి జరిగింది చెప్పింది.

అవతల సంతోషి గొంతు గట్టిగా వినిపించింది. “అక్కా, అది అట్ట మీద ఎయ్యండి. ఆల్బమ్ తెరవకముందే మాయమ్మ కనబడాల.”

పైడిరాజు అట్ట మార్చాడు. ఆ మార్పూ నేనే చెప్పాను.

బాబాయి ఇంకా ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. ప్రోగ్రాం గంటగంటకూ అడుగుతూనే ఉంది. నేను చెబుతూనే ఉన్నాను: ఏ మార్పూ లేదు.