ఎర్ర చుక్క

మా మెకానిక్ షెడ్డులో బిగించిన ప్రతి నట్టు మీదా రంగు చుక్క పెట్టేవాళ్ళం. తమ్ముడిది తెలుపు, నాది ఎరుపు. తప్పెవరిదో తేలాలని ఆ పద్ధతి పెట్టింది నేనే.

పన్నెండేళ్ళ కిందట మేం ఇంజను విప్పి మళ్ళీ బిగించిచ్చిన పాత కారు, వారం తిరక్కుండానే దారిలో దబదబా కొట్టుకుని ఆగిపోయింది. యజమాని మండిపడ్డాడు. మళ్ళీ మమ్మల్ని చెయ్యి వెయ్యనివ్వకుండా దాన్ని ఇంటికి లాక్కుపోయాడు.

"నీకు బుద్ధుందా? నట్టు వదులుగా వదిలేశావు కదరా!" అని తమ్ముణ్ణి నలుగురిలో కడిగిపారేశాను.

"నేను గట్టిగానే బిగించాను అన్నయ్యా," అన్నాడు. ఆ రోజే షెడ్డు వదిలి వెళ్ళిపోయాడు. నిరుడు పోయాడు. కడచూపుకైనా నేను వెళ్ళలేదు.

ఇప్పుడు ఆ యజమాని కూతురు, అప్పట్నుంచీ ఎవరూ విప్పకుండా ఇంట్లో మూలపడున్న అదే కారు తెచ్చింది, ఇంజను బాగుచేయమని. ఆయిల్ చాంబర్ విప్పి, పిస్టన్ రాడ్ల నట్లు ఒక్కొక్కటే గుడ్డతో తుడిచాను. ఏడింటి మీద తెల్ల చుక్కలున్నాయి; ఏడూ రాయిలా బిగుసుకున్నాయి. ఎనిమిదోది వేలితోనే తిరిగింది. దాని మీది చుక్క ఎరుపు.

"ఏమండీ, బాగవుతుందా?" అని అడిగింది ఆ అమ్మాయి.

"ఇంజను వరకైతే బాగవుతుందమ్మా," అన్నాను.