గజ్జె కట్టిన కోడిపిల్ల

గ్రీష్మతాపమున నెఱ్ఱవాఱిన కొండచఱియలపై నాషాఢమాసపుఁ దొలిమేఘములు క్రమ్ముకొనఁగా సముద్రతీరపు మొగలిపొదల పరిమళమును మోసికొని వచ్చిన తూర్పుగాలి నీలాద్రిపురపుఁ గోటగోడ నెక్కి దిగి రాణివాసపు ముంగిటిలోఁ జల్లగా వీచుచుండెను. ఆ గాలికిఁ గల స్వేచ్ఛ తనకు లేని కోటదొర యిల్లాలు సుభద్రాయమ్మ యా యపరాహ్ణవేళ స్తంభమున కానుకొని కూర్చుండి ముంగిట నొంటరిగాఁ దిరుగు నొక కోడిపిల్లను జూచి లోలోపలఁ గుమిలిపోవుచుండెను.

ఆ పిల్ల కథ చిన్నది. వేసవి తుదిని బిడుగులతోఁ గురిసిన యకాలవర్షమునకుఁ బెరటిలోఁ బొదుగుచున్న కోడి క్రింది గ్రుడ్లన్నియు మురిగిపోఁగా నొక్కటి మాత్రము పిల్లయయ్యెను. తల్లిని నాఁడే ముంగిస పట్టుకొనిపోయెను. సంతానహీనయు సఖీజనవిరహితయు నగు సుభద్రాయమ్మ యా యనాథను దూదిపెట్టెలో నుంచి నానిన నూకలును జెదపురుగులును బెట్టి పెంచి ముత్యమని పేరిడి తన ముద్దు తీఱక దాని కాలికొక పసిఁడిగజ్జెను బట్టుదారముతోఁ గట్టెను. కోడిపిల్లకు గజ్జె కట్టవలెనను బుద్ధి రాణివాసములలోఁ దప్ప మఱియెచ్చటను బుట్టదు.

ఱెక్కలు వచ్చినకొలఁది ముత్యము పానుపులపై నెక్కసాగెను. ఆనాఁటి యుదయమునఁ బెద్దదొరసాని, అనఁగా సుభద్రాయమ్మ యత్తగారు, కోపించి "రేపు ప్రొద్దుగ్రుంకునంతలో నిది కోళ్లలోఁ గలసెనా బ్రదుకును. లేకున్న వంటశాలకుఁ బోవును" అని శాసించెను. ఆమె మాట కెదురు చెప్పుట యా కోటలో వాడుక లేదు.

మఱునాఁడు సుభద్రాయమ్మ కోరికపై వృద్ధదాసి పైడమ్మ తన వాడనుండి తల్లి లేని చిన్న కోడిపిల్లలను గంపలోఁ దెచ్చి ముంగిట విడిచెను. వానిఁ గాంచి ముత్యము పుట్టి యెఱుఁగని సంబరముతోఁ బరుగెత్తెను. ఆ పిల్లలన్నియు నొక్కమాఱుగాఁ జెదరి గంపచాటునకుఁ బాఱెను. ముత్యము మరల దగ్గఱకుఁ బోవుటయు నవి మరలఁ బాఱుటయుఁ గాఁగాఁ బ్రొద్దు పడమటికి వాలెను.

పైడమ్మ నిట్టూర్చి "ఇది మడుసుల మజ్జిన పెరిగినాదమ్మా. జాతిలో కలవదింక. దొరల పొగరు పట్టేసినాది దీనికి" అనెను.

"పొగరు గాదే పైడీ. దానికి వానితోఁ గలయవలెననియే యున్నది" అని సుభద్రాయమ్మ కన్నులు తుడుచుకొనెను.

అలసిన ముత్యము నేలపైఁ జదికిలఁబడి కదలక యుండెను. అంత నొక కోడికూన మెల్లగా వచ్చి దాని ఱెక్కను ముక్కుతోఁ దాఁకెను. వేఱొకటి దాని ప్రక్కన నొదిగెను. ముత్యము సంతోషము పట్టలేక లేచెను. గజ్జె ఘల్లుమనెను. ముంగిలి మరల శూన్యమయ్యెను.

సుభద్రాయమ్మ చూపు తన కాలియందెలపై వ్రాలెను. ఆ వంశమునఁ గోడలై వచ్చిన స్త్రీకిఁ బెండ్లినాఁడే కంసాలి మ్రోఁతగల వెండియందెలను దొడిగి తీయ వీలులేకుండఁ గీలు కరఁగించి యతికించుట యాచారము. ఆ సవ్వడి వినఁబడినంతఁ బురుషులు మొగము ద్రిప్పుకొనుదురు. దాసీజనము స్తంభములచాటునకుఁ దొలఁగుదురు. ఆడుకొను పసిపాపలను దల్లులు చంకనెత్తుకొని పోవుదురు. ఆమె యేగదిలో నడుగిడినను నది యప్పుడే ఖాళీయైన గదియై యుండును. దానిని గౌరవమని యందఱుఁ జెప్పఁగా నామెయు నట్లే నమ్మియుండెను.

ఆమె కాలు గదపక చేయి చాఁచి ముత్యమును దీసికొని పట్టుదారమును బంటితోఁ గొఱికి గజ్జెను దీసివైచి మరల నేల విడిచెను. ఈమాఱు ముత్యము చప్పుడు చేయక నడచెను. చిన్నపిల్లలు పోలేదు. కొంతసేపు దానిని బొడిచి చూచి పిదప దాని వెంటఁ బడి గింజలేఱుకొనసాగెను. ప్రొద్దుగ్రుంకువేళ వంటశాలనుండి వచ్చిన మనిషి చూచి వట్టిచేతులతో మరలిపోయెను.

సుభద్రాయమ్మ తన యందెలను దడవుచు "కంసాలిని బిలిపింపఁగలవా పైడీ" యని మెల్లగా నడిగెను.

పైడమ్మ చెవులు మూసికొని "అంత మాటనకండి తల్లీ. అవి తీసేది పెనిమిటి లేనినాడే. దొరబాబుగారు సల్లగుండాల" అనెను.

బ్రదికిన ముత్యము నొక్కమాఱు చేతుల నెత్తుకొని ముద్దాడవలెనని సుభద్రాయమ్మ లేచి యొక్కడుగు వేసెను. అందెలు మ్రోఁగెను. పిల్లలన్నియు బెదరి గంపచాటునకుఁ బాఱెను. పుట్టినది మొద లా సవ్వడివెంటనే తిరిగిన ముత్యము సైతము వానితోడఁ బాఱెను.

సుభద్రాయమ్మ నిలిచిన చోటనే కూలఁబడి పాదములను జీరకుచ్చెళ్లలో దాఁచికొని యూపిరియైన నెమ్మదిగా విడుచుచు వేచియుండెను. చాలసేపటికిఁ బిల్లలొక్కటొక్కటిగా వెలికివచ్చి యామె చుట్టును గింజలేఱుకొనెను. చీఁకటి పడినను దీపము తెమ్మని యామె పిలువలేదు, లేవనులేదు.